గ్యారంటీ ప్రభుత్వానిది సరే, షూరిటీ ఎవరమ్మా?

రెండు తెలుగు రాష్ట్రాల్లోని బ్యాంకు బ్రాంచి మేనేజర్లకు, లోన్లు చూసే ఆఫీసర్లకు

మిత్రులారా, నమస్కారం.

నేనూ మీవాణ్ణే. గుమాస్తాగా చేరి, ఫీల్డ్ ఆఫీసరుగా మోటార్ సైకిల్ మీద ఊళ్లు తిరిగి, మేనేజరుగా మూడు బ్రాంచీలు నడిపి రిటైరయ్యాను. ఇప్పుడు మా ఊళ్లో తెలిసిన ట్యాక్స్ ప్రాక్టీషనర్ ఆఫీసులో ఓ మూల కుర్చీ వేసుకుని, చిన్న వ్యాపారాలవాళ్లకు లోను కాగితాలు సర్దిపెడుతుంటాను. డబ్బులు తీసుకోను. పొద్దుపోవడానికి అనుకోండి, పాపం కడుక్కోవడానికి అనుకోండి. కౌంటరుకు ఇవతల నిలబడితే బ్యాంకు ఎంత ఎత్తుగా కనిపిస్తుందో ముప్పై ఆరేళ్ల సర్వీసులో నాకు తెలిసిరాలేదు.

పోయిన నెలలో ఒకావిడ వచ్చింది. పదిహేనేళ్లుగా ఇంట్లోనే కుట్టుపని. మొదట జాకెట్లు, తర్వాత పిల్లల గౌన్లు, ఇప్పుడు రెండు ప్రైవేటు స్కూళ్ల యూనిఫాం ఆర్డరు. రెండు మిషన్లు చాలడం లేదు. మూడు పవర్ మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను, కాస్త గుడ్డ స్టాకు, అన్నీ కలిపి మూడు లక్షలు కావాలి. చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, అదే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఉంది. గోడ మీద క్యూఆర్ కోడ్ అంటించి మూడేళ్లయింది కాబట్టి రాబడి అంతా ఖాతాలోనే కనిపిస్తోంది. ఆ ఖాతా ఉన్న బ్రాంచికే వెళ్లి అడిగింది. కాగితాలు చేతిలోకి తీసుకోకుండానే వచ్చిన జవాబు ఇది: "షూరిటీ ఎవరమ్మా? ఉద్యోగస్తులెవరైనా ఉన్నారా? లేదంటే ఇంటి కాగితాలు తీసుకురా."

ఉద్యోగస్తులెవరూ లేరు. ఇల్లు అత్తగారి పేరున ఉంది. తిరిగొచ్చేసింది.

"సార్, ముద్ర లోనుకు గవర్నమెంటే గ్యారంటీ అని టీవీలో చెబుతున్నారుగా, మళ్లీ షూరిటీ ఎందుకు?" అని నన్నడిగింది. ఈ ప్రశ్నకు నా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి రూలు పుస్తకంలోది, రెండోది మన కడుపులోది. మొదటిది ఆవిడకు చెప్పాను. రెండోది మీతో తప్ప ఎవరితో చెప్పను?

మొదటిదాన్ని తొందరగా ముగిస్తాను. ఇది మీకు తెలియక కాదు, ఈ లేఖ మీతోపాటు బయటివాళ్లూ చదువుతారని. చిన్న, సూక్ష్మ సంస్థలకు 10 లక్షల లోపు అప్పులకు తాకట్టు తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు 2010లోనే ఆదేశించింది. ఇస్తే బాగుంటుందని సలహా ఇవ్వడం కాదు, తీసుకోవద్దని ఆజ్ఞ. మంచి చరిత్ర ఉన్నవాళ్లకు 25 లక్షల దాకా తాకట్టు మినహాయించే వెసులుబాటూ ఉంది. మరి తాకట్టు లేకుండా ఇచ్చిన అప్పు మునిగితే? దానికే గ్యారంటీ నిధి పెట్టారు. కేంద్ర ప్రభుత్వమూ, చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ కలిసి 2000లో సీజీటీఎంఎస్ఈ ట్రస్టును ఏర్పాటు చేశాయి. ముద్ర అప్పులకు సీజీఎఫ్ఎంయూ అని వేరే నిధి ఉంది, దాన్ని ఎన్‌సీజీటీసీ అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ ఇచ్చే అప్పు పరిమితి 2023 ఏప్రిల్‌లో 5 కోట్లకు, 2025 ఏప్రిల్‌లో 10 కోట్లకు పెరిగింది. ఆ గ్యారంటీ కిందికి వచ్చే మొత్తానికి తాకట్టే కాదు, మూడో మనిషి జామీను కూడా ఉండకూడదు. "ఉద్యోగస్తులెవరైనా ఉన్నారా" అన్న ప్రశ్నకు అసలు చోటే లేదన్నమాట.

ఇంకో సంగతి. ఈ గ్యారంటీ ఊరికే రాదు. దానికి ఏటా ఫీజు ఉంది. 10 లక్షల లోపు అప్పులకు 2023 నుంచి దాన్ని నూటికి 37 పైసలకు తగ్గించారు. ఆ ఫీజు ఎవరు కడుతున్నారు? చాలా చోట్ల అప్పు తీసుకున్నవాడి ఖాతాలోంచే పోతుంది. అప్పు మునిగితే ఆ నిధి నుంచి వచ్చే డబ్బు మాత్రం బ్యాంకుకు వస్తుంది. అంటే బీమా మనకు, ప్రీమియం ఆమెకు. ఇంత చేశాక మళ్లీ ఇంటి కాగితాలు తెమ్మంటే, ఒకే భయానికి ఆమె చేత రెండుసార్లు కట్టించుకుంటున్నట్టు.

ఇక రెండో జవాబు.

1990ల్లో నేను ఫీల్డ్ ఆఫీసరుగా ఉన్నప్పుడు ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన కింద నిరుద్యోగ యువకులకు అప్పులిచ్చేవాళ్లం. ఒక కుర్రాడికి జిరాక్స్ షాపుకు ఇచ్చాను. మంచివాడు, చదువుకున్నాడు, ఎదురుగా కాలేజీ. ఏడాది తిరక్కుండా అదే వరసలో ఇంకో మూడు జిరాక్స్ షాపులు లేచాయి. వేసవిలో రోజుకు ఐదారు గంటలు కరెంటు లేదు. షాపు మూతపడింది. ఆ అప్పు మొండిబాకీ అయ్యాక ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన పెద్దాయన నన్నడిగిన మొదటి మాట, "ముందస్తు విచారణలో పోటీని ఎందుకు అంచనా వేయలేదు?" మెమో ఇచ్చారు. జవాబు రాశాను. నా మీద చర్యేమీ తీసుకోలేదు కానీ ఆ ఏడాది ప్రమోషన్ల లిస్టులో నా పేరు లేదు. రెండింటికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు.

ఆ తర్వాత నెలలో పచ్చళ్లు పెట్టి అమ్ముతాం, నలభై వేలు ఇవ్వండి అని ఇద్దరు అక్కాచెల్లెళ్లు వచ్చారు. వాళ్ల దగ్గర అన్నీ ఉన్నాయి. నేను మాత్రం "షూరిటీ ఎవరమ్మా?" అన్నాను. వాళ్లు వెళ్లిపోయారు. పాము కరిచినవాడికి తాడు కూడా బుసకొడుతుంది. ఆ ప్రశ్న అడిగిన క్షణంలో నాకెంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. ఎందుకంటే కాదన్నానని ఎవరూ మెమో ఇవ్వరు. ఇచ్చిన అప్పుకు జవాబు చెప్పాలి, ఇవ్వని అప్పుకు ఫైలే ఉండదు.

మీ కడుపులో ఉన్నదీ ఇదే అని నాకు తెలుసు. అందుకే మిమ్మల్ని తిట్టడానికి ఈ లేఖ రాయడం లేదు.

మా తరం వాళ్లకు ఇంకా పాత భయాలున్నాయి. జనార్దన పూజారి గారి రోజుల్లో లోన్ మేళాలు చూశాం. పందిట్లో మైకులో పేరు పిలిచి చెక్కు ఇస్తే, ఆ చెక్కు అప్పో బహుమానమో పుచ్చుకున్నవాడికీ తెలియదు. పల్లెల్లో పేదలకిచ్చిన ఐఆర్‌డీపీ అప్పుల గేదెల కథలు మీరు ట్రైనింగులో జోకులుగా విని ఉంటారు, మేము ఆ గేదెల చెవులకు వేసిన గుర్తు బిళ్లలు లెక్కపెట్టాం. 2014 రుణమాఫీ హామీల వేళ సక్రమంగా కట్టేవాళ్లు కూడా కొన్నాళ్లు చేతులు ముడుచుకున్నారు. "గవర్నమెంటు లోను" అన్న మాటలోనే ఒక జబ్బుంది. దాన్ని ఎక్కించినవాళ్లు అప్పు తీసుకున్నవాళ్లు కాదు, వేదికల మీద మాట్లాడినవాళ్లు.

అందుకే ఒక మాట ప్రతి దరఖాస్తుదారుడికీ చెప్పమంటాను, నేనూ చెబుతున్నాను. గ్యారంటీ బ్యాంకుకు, అప్పు నీకు. నిధి నుంచి బ్యాంకుకు డబ్బొచ్చినా నీ బాకీ తీరదు. బ్యాంకు నీ దగ్గర వసూలు చేస్తూనే ఉండాలి, వచ్చినదాంట్లో ఆ నిధి వాటా తిరిగి కట్టాలి, నీ సిబిల్‌లో మచ్చ అలాగే ఉంటుంది. ఈ ముక్క ముందే సూటిగా చెబితే సగం రోగం అక్కడే కుదురుతుంది. మనం చెప్పం. "షూరిటీ ఎవరు" అని అడగడం తేలిక.

ఇప్పుడు ఆవిడ మూడు లక్షలకే లెక్క కడదాం. సీజీటీఎంఎస్ఈ కింద సూక్ష్మ సంస్థకు 5 లక్షల లోపు అప్పు, గ్యారంటీ 85 శాతానికి తగ్గదు. ఏ కారణం చేతనో రెండు లక్షల బాకీ దగ్గర ఆగిపోయిందనుకోండి. గ్యారంటీ ఉన్న భాగం లక్షా డెబ్బై వేలు. అందులో ముప్పాతిక, అంటే లక్షా ఇరవై ఏడు వేల ఐదు వందలు మొదటి విడతలో వస్తుంది, మిగతాది వసూలు ప్రక్రియ ముగిశాక. 10 లక్షల లోపు క్లెయిములకు కోర్టు దావా వేయాల్సిన పని కూడా 2023 నుంచి లేదు. చిట్టచివరికి బ్యాంకు నెత్తిన పడేది ముప్పై వేలు. ముప్పై వేల నష్టానికి జడిసి, పదిహేనేళ్ల పని ఉన్న మనిషిని గుమ్మంలోంచి పంపేస్తున్నాం.

"లెక్క మాకూ వచ్చు, క్లెయిము ఎప్పుడొస్తుందో మీరు చెప్పండి" అంటారు. నిజమే. ఫీజు గడువు దాటినా, ఎన్‌పీఏ (మొండిబాకీ) అయిన తేదీ పోర్టల్‌లో సమయానికి ఎక్కించకపోయినా, యూనిట్ చూసొచ్చిన రిపోర్టు ఫైల్లో లేకపోయినా క్లెయిము వెనక్కొస్తుంది. మేనేజరు మూడేళ్లకోసారి బదిలీ అవుతాడు. ఇచ్చినవాడొకడు, మునిగినప్పుడు ఉన్నవాడొకడు, క్లెయిము పెట్టాల్సినవాడు మూడోవాడు. ఎవడికి వాడు పాతవాడి పాపం అనుకుంటాడు. అయితే ఇది మనింటి చెత్త. ఇది ఊడ్చుకోలేక బయటివాళ్లను గుమ్మం తొక్కనివ్వకపోవడం ఎక్కడి న్యాయం? రీజినల్ ఆఫీసుల్లో ఇద్దరు మనుషులతో ఒక గ్యారంటీ డెస్కు పెట్టి ఫీజులు, తేదీలు, క్లెయిములు వాళ్లకు అప్పజెబితే బ్రాంచి మీద ఈ బరువుండదు. ఈ ముక్క మీకు కాదు, మీ పైవాళ్లకు. నిజాయితీగా విచారించి ఇచ్చిన చిన్న అప్పు మునిగితే మేనేజర్ని దోషిలా నిలబెట్టబోమని పైవాళ్లు మాటల్లో చెప్పడం కాదు, ఇన్‌స్పెక్షన్ ఫారంలో రాయాలి. ఆ ఫారంలోనే "తిరస్కరించిన దరఖాస్తులు ఎన్ని, ఎందుకు" అని ఒక గడి కూడా ఉండాలి. కాదన్నదానికీ జవాబు చెప్పాల్సి వస్తే మన నోటికి షూరిటీ మాట అంత తేలిగ్గా రాదు.

బ్యాంకు కాదన్నాక ఆవిడ ఎక్కడికి పోతుందో చూద్దాం. డైలీ ఫైనాన్సు. పదివేలకు కాగితం రాయించుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. చూడ్డానికి పదిహేను వందలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తరిగిపోతుంటుంది కాబట్టి ఆ వంద రోజుల్లో సగటున ఆమె చేతిలో ఉన్నది నాలుగు వేల చిల్లరే. లెక్క వేస్తే వడ్డీ ఏడాదికి నూటికి నూరు దాటిపోతుంది. 2010లో మైక్రోఫైనాన్సు వసూళ్ల మీద ఉమ్మడి రాష్ట్రంలో ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ వ్యవహారం బయటపడ్డప్పుడు పేపర్లు చదివి ముక్కున వేలేసుకున్నాం. ఆ వడ్డీలవాళ్ల దగ్గరికి జనాన్ని పంపిన దారి మన కౌంటరు ముందునుంచే పోయిందని నేనైతే అప్పుడు అనుకోలేదు. వాళ్లు ఎంత దుర్మార్గులైనా ఒక్క గుణం ఉంది, అడిగిన సాయంత్రానికి జవాబు చెబుతారు.

జవాబు సంగతి వచ్చింది కాబట్టి, ఈ లేఖలో నేను అన్నిటికంటే గట్టిగా అడిగేది ఇదే. లోను ఇవ్వండి అని నేను అడగడం లేదు. దరఖాస్తు తీసుకోండి. తీసుకుని నంబరు వేసిన రసీదు ఇవ్వండి. చిన్న సంస్థల దరఖాస్తుకు రసీదు ఇవ్వడం తప్పనిసరి. 25 లక్షల లోపు అప్పు మీద 14 పనిదినాల్లో నిర్ణయం చెప్పాలని రిజర్వ్ బ్యాంకు నియమం. కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని 2003 నాటి ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్ నుంచీ ఉంది. ఎస్సీ, ఎస్టీ దరఖాస్తును తిరస్కరించాలంటే అది మీ స్థాయిలో కుదరదు, పై అధికారి చేయాలి. ఈ మూడేళ్లలో నా దగ్గరికొచ్చినవాళ్లలో నోటి మాటతో వెనక్కి పంపబడ్డవాళ్లే ఎక్కువ. చేతిలో కాదన్న కాగితం ఉన్నవాడు నాకు ఇద్దరే కనిపించారు. ఆ ఇద్దరికీ మేలే జరిగింది. కారణం తెలిసింది కాబట్టి ఒకడు పాత క్రెడిట్ కార్డు బాకీ తీర్చి మళ్లీ వెళ్లాడు, రెండోవాడు ప్రాజెక్టు రిపోర్టులో అమ్మకాలు ఆకాశానికెత్తి రాయించుకున్నాడని తెలిసి దించుకున్నాడు. చెప్పి కాదన్నా ఉపకారమే.

ఈమధ్య ఇంకో కొత్త మాట పుట్టింది: "సిస్టమ్ తీసుకోవడం లేదమ్మా." మా కాలంలో ఈ సౌకర్యం లేదు, హెడ్డాఫీసు మీద నెట్టేవాళ్లం. సిబిల్ స్కోరు లేకపోతే సిస్టమ్ తీసుకోదట. మొదటిసారి అప్పు అడిగేవాడికి పాత అప్పుల చరిత్ర ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ ఒక్క కారణంతో తొలి దరఖాస్తును తోసిపుచ్చవద్దని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, 2025 ఆగస్టులో ఆర్థిక శాఖ పార్లమెంటులోనూ ఆ మాట చెప్పింది.

అయినా చరిత్ర లేదని ఎలా అంటారు? మా టైలరమ్మ పదమూడేళ్లుగా డ్వాక్రా సంఘంలో ఉంది. సంఘం బ్యాంకు లింకేజీ అప్పు ఐదుసార్లు తీసుకుని ఐదుసార్లు తీర్చింది. ఆవిడ వంతు వాయిదా ఏ నెలా తప్పలేదు, ఒకసారి ఇంట్లో చావు జరిగిన నెలలో కూడా పక్కింటావిడ చేత పంపించింది. ఇదంతా తీర్మానాల పుస్తకంలో ఉంది, మీ బ్రాంచిలోని సంఘం ఖాతాలో ఉంది. పదిమంది ఆడవాళ్లు కలిసి సంఘంగా వస్తే ఏ తాకట్టూ అడక్కుండా మనమే లక్షలకు లక్షలు ఇస్తున్నాం. తెలుగు నేల మీద ఆ సంఘాలు బ్యాంకులకు ఎంత బంగారు ఖాతాలో బ్రాంచి లెక్కలు చూసే మీకు నేను చెప్పాలా? అదే మనిషి పదిమందిలోంచి లేచి ఒక్కత్తే నిలబడి "నా వ్యాపారానికి" అనేసరికి అపరిచితురాలైపోతోంది. సంఘంలో ఉన్నన్నాళ్లూ ఆవిడ మాట చెల్లింది, మనిషిగా వచ్చేసరికి అత్తగారి ఇల్లు కావాల్సొచ్చింది. సంఘం పుస్తకం జిరాక్సు కూడా దరఖాస్తుకు జతచేయించాను. దాన్ని తిప్పి చూడండి, ఆడిట్ బ్యాలెన్స్ షీటు కంటే నమ్మకంగా ఉంటుంది. (బ్యాలెన్స్ షీట్లు ఎలా తయారవుతాయో నేనిప్పుడు కూర్చుంటున్న ఆఫీసులో రోజూ చూస్తున్నాను, ఇంతకంటే చెప్పను.)

ఇచ్చిన చోట ఇంకో తంటా ఉంది. మిషన్లకు ఇస్తాం, గుడ్డకు ఇవ్వం. కొటేషన్ ఉంది కాబట్టి మిషను కంపెనీ ఖాతాకు నేరుగా డబ్బు వేసి ఫైలు మూసేస్తాం. మిషన్లు వస్తాయి, దారం కొనడానికి చేతిలో పైసా ఉండదు. స్కూలు ఆర్డరుకు ముందు గుడ్డ కొనాలి, కుట్టేవాళ్లకు వారం వారం కూలి ఇవ్వాలి. సరుకు అప్పజెప్పాక చట్టం 45 రోజుల్లో చెల్లించాలంటుంది, స్కూలు దసరా దాటాక రమ్మంటుంది. ఈ మధ్య కాలమంతా నడిపేది పెట్టుబడి అప్పు కాదు, చేతిఖర్చుకు ఉండే వర్కింగ్ క్యాపిటల్. దానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. నాయక్ కమిటీ 1992లోనే సులువు సూత్రం చెప్పింది: ఏడాదికి వస్తుందనుకున్న అమ్మకాల్లో ఐదో వంతు లిమిట్ ఇవ్వండి అని. 12 లక్షల వ్యాపారానికి 2 లక్షల 40 వేలు. బ్యాంకు పరీక్షల్లో అందరం రాసి పాసైన సూత్రమే. చిన్నవాళ్ల దగ్గరికొచ్చేసరికి అది ఎందుకు గుర్తురాదో నాకు అంతుపట్టదు. మునిగిన ముద్ర అప్పులు నేను చూసినవాటిలో మోసంతో మునిగినవి తక్కువ. సరుకు కొనే డబ్బులేక మిషను మీద దుప్పటి కప్పినవే ఎక్కువ.

అప్పు ఇస్తూ ఇస్తూ చేసే చిల్లర పనుల గురించి నాలుగు మాటలే రాస్తాను, రాయడానికి సిగ్గుగా ఉంది. మూడు లక్షలు శాంక్షన్ చేసి, అందులోంచి ముప్పై వేలు ఎఫ్‌డీ వేయించి దాన్ని తీసుకోనివ్వకుండా లీన్ మార్కు పెట్టడం. లోనుకు సంబంధం లేని బీమా పాలసీ మీద సంతకం పెట్టించడం. ఎఫ్‌డీ తాకట్టు కాకపోతే మరేమిటి? ఆమె అడిగింది మూడు లక్షలు, అందింది రెండు లక్షల డెబ్బై వేలు, వడ్డీ మాత్రం మూడు లక్షల మీద. డైలీ ఫైనాన్సువాడు పదివేలకు ఎనిమిదిన్నర ఇస్తే తప్పంటున్నాం కదా.

మార్చి నెల గురించి మీకు వేరే చెప్పనక్కర్లేదు. ముద్ర పథకం 2015 ఏప్రిల్ 8న మొదలైంది. పదేళ్లు నిండేసరికి 52 కోట్లకు పైగా ఖాతాలు, 32 లక్షల కోట్ల రూపాయలకు పైగా మంజూరు అని ప్రభుత్వం ప్రకటించింది, అందులో మహిళల ఖాతాలు 68 శాతం. పెద్ద అంకెలే, కాదనను. కానీ ఆ రెండో అంకెను మొదటిదానితో భాగించి చూడండి, ఒక్కో ఖాతాకు అరవై వేల చిల్లర. మళ్లీ 52 కోట్ల ఖాతాలంటే 52 కోట్ల మనుషులు కాదు, ఒకరే మూడు నాలుగుసార్లు తీసుకున్నవీ, మైక్రోఫైనాన్సు సంస్థలు ఇచ్చినవీ అందులోనే. జన్‌ధన్ ఖాతా మీద ఇచ్చిన చిన్న ఓవర్‌డ్రాఫ్టు కూడా శిశు, అంటే యాభై వేల లోపు ముద్ర అప్పు, కిందికే వచ్చేది. దాని పై మెట్లు కిశోర్, తరుణ్. మార్చి ఇరవై తర్వాత టార్గెట్ నిండకపోతే ఏ అల్మరాలో వెతుక్కునేవాళ్లమో నాకు గుర్తుంది. శిశు ఎన్ని, కిశోర్ ఎన్ని, తరుణ్ ఎన్ని అని అడిగేవాళ్లు గానీ, పోయినేడు శిశు తీర్చినవాళ్లలో ఈ ఏడాది కిశోర్‌కు ఎదిగినవాళ్లెందరని నన్ను ఒక్కరూ అడగలేదు. యాభై వేలు తీర్చినవాడికి మళ్లీ యాభై వేలే ఇస్తూ పోతే ఆ పిల్లవాడు ఎప్పటికీ శిశువే. తరుణ్ తీర్చినవాళ్ల కోసం 20 లక్షల దాకా తరుణ్ ప్లస్ అని 2024లో కొత్త మెట్టు కట్టారు. కింది మెట్టు మీద మనమే కాలడ్డం పెడితే పై మెట్టు ఎవరికి?

తోపుడు బళ్లవాళ్ల స్వనిధి పథకంలో నాకు నచ్చింది ఈ మెట్ల పద్ధతే. 2020 జూన్‌లో మొదలైనప్పుడు పదివేలు, తీరిస్తే ఇరవై, అదీ తీరిస్తే యాభై. 2025లో మొదటి రెండూ పదిహేను, ఇరవై ఐదు వేలయ్యాయి. తీర్చడమే షూరిటీ. మిగతా అప్పులకు ఈ తర్కం ఎందుకు పనికిరాదో ఎవరైనా చెప్పగలిగితే వింటాను.

రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ సమావేశాల్లో లక్ష్యం ఇంత, సాధించింది ఇంత అని స్లైడ్లు వేస్తారు. ఆ స్లైడ్లలో ఒక్కటి చేర్చమని లీడ్ డిస్ట్రిక్ట్ మేనేజర్లను అడుగుతున్నాను. చిన్న సంస్థలకిచ్చిన 10 లక్షల లోపు అప్పుల్లో ఏ బ్రాంచిలో ఎన్నిటికి తాకట్టు ఉంది? సున్నా ఉండాల్సిన గడి అది. కంప్యూటర్‌లో ఒక మీట నొక్కితే వచ్చే లెక్క.

నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను ఇప్పుడు ఏం చెబుతున్నానో మీకూ చెప్పడం మర్యాద. దరఖాస్తు చేత్తో ఇచ్చి రసీదు అడగండి, ఇవ్వకపోతే ఆన్‌లైన్‌లో పెట్టండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. గడువు దాటితే బ్యాంకుకు ఫిర్యాదు రాయండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి అంటున్నాను. మిమ్మల్ని ఇరకాటంలో పెట్టాలని కాదు. కాగితం మీదికి ఎక్కితే మీకూ రక్షణే. రేపు అప్పు మునిగినా "గ్యారంటీ ఉంది, నియమం ప్రకారం ఇచ్చాను" అని చెప్పుకోవడానికి మీ దగ్గర ఫైలుంటుంది. ఆ జిరాక్స్ షాపు రోజుల్లో నాకు లేనిది అదే.

ఆ పచ్చళ్ల అక్కాచెల్లెళ్లు తర్వాత ఏమయ్యారో నాకు తెలియదు. ఆ ఊరు వెళ్లినప్పుడల్లా వీధి బోర్డులు చదువుతాను.

టైలరమ్మ సోమవారం మళ్లీ వెళుతోంది. ఈసారి దరఖాస్తు రెండు కాపీలు, మూడేళ్ల స్టేట్‌మెంటు, స్కూళ్ల ఆర్డరు కాగితాలు, మిషన్ల కొటేషను, సంఘం పుస్తకం జిరాక్సు, అన్నీ వరసగా ట్యాగు వేసి ఇచ్చాను. "షూరిటీ ఎవరమ్మా అంటే ఏం చెప్పమంటారు సార్?" అని అడిగింది. ఒక మాట నేర్పాను. సీజీటీఎంఎస్ఈ అన్న పేరు నోరు తిరగక రెండు మూడుసార్లు అనుకుని, చివరికి ఇంగ్లీషు అక్షరాలు అరచేతిలో రాసుకుంది.

"షూరిటీ మీ దగ్గరే ఉంది సార్. దాని ఫీజు ఏడాదికి వెయ్యి, పదకొండు వందలు అవుతుందట. నేనే కడతాను."

ఇట్లు,
మీ పాత సహోద్యోగి